మొరంగడ్డలు శివరాత్రి దాకా ఆగాలంటే: ఇంట్లో గడ్డల నిలవ గురించి

హన్మకొండ పెరడు
డిసెంబర్ 7, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పరకాల దగ్గర మా పుట్టింటివారికి అర ఎకరం చల్కలో మొరంగడ్డ, అంటే చిలగడదుంప, ఉంది. ఏటా డిసెంబర్‌లో నాన్న రెండు సంచులు పంపిస్తారు, దాదాపు 40 కిలోలు. శివరాత్రి ఉపవాసానికి మా వాడకట్టులో పది ఇళ్ళకు ఆ గడ్డలే పంచడం అమ్మ ఉన్నప్పటి నుంచి వస్తున్న అలవాటు. పోయిన ఏడాది అది తప్పింది. సంక్రాంతి పనుల్లో పడి మెట్ల కింద పెట్టిన సంచుల సంగతే మరిచిపోయాను. తీరా మూతి విప్పితే పులిసిన కల్లు వాసన గుప్పుమంది. పైన ఉన్న గడ్డ చూడటానికి బాగానే ఉంది, పట్టుకోగానే బొటనవేలు లోపలికి దిగిపోయింది. వేలికంతా జిగురు నీళ్ళు. తొక్క మీద బూడిదరంగు నూగు, ఆ నూగు కొసల్లో నల్లటి చుక్కలు. సగానికి పైగా పారబోశాను. ఆ రోజు నాన్నకు ఫోను చేసి చెప్పడానికి నోరు రాలేదు.

నేను చేసిందల్లా ఇదే: మట్టి అంటుకొని ఉందని శుభ్రంగా కడిగాను, ఒక పూట ఎండలో ఆరబెట్టాను, యూరియా సంచుల్లో నింపి మూతి కట్టాను.

ఈసారి సంచులు వచ్చే ఆదివారం వస్తాయి. చలి దేశాల్లో ఇంటి కింద నేలమాళిగ తవ్వి గడ్డలన్నీ చలికాలమంతా దాచుకోవడం వీడియోల్లో చూశాను. మా పెరట్లో అలాంటి గుంత తవ్వించమంటారా? ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, క్యారెట్ కూడా ఇప్పుడే కొని పెట్టుకోవాలని ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

మట్టెవాడ దుకాణం
డిసెంబర్ 7, రాత్రి 10:05

అక్కా, గడ్డను కడిగిన రోజే దాని ఆయుష్షు సగం తగ్గుతుంది. మట్టి అంటుకొని ఉంటే చేత్తో దులపండి, అంతే. వండే ముందు కడుక్కోవచ్చు. యూరియా సంచి గాలి ఆడనివ్వదు, అందులో గడ్డ తన చెమటలో తానే నానుతుంది.

ఇక ఉల్లిగడ్డ. ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను కాబట్టి గట్టిగా చెబుతాను: ఇప్పుడు కొని నిలవ పెట్టవద్దు. ఈ నెలల్లో వచ్చేది వానాకాలపు పంట. మెడ లావుగా, పచ్చిగా ఉంటుంది, నెల తిరిగేసరికి మెత్తబడుతుంది లేదా మొలక వేస్తుంది. నిలవ ఉండేది యాసంగి ఉల్లి. అది మార్చి చివరి నుంచి మే దాకా వస్తుంది. మెడ సన్నగా ఎండి, పైపొర గలగలమనాలి. అప్పుడు బస్తా తీసుకుంటే వానాకాలం దాకా చూసుకోనవసరం లేదు.

ఆలుగడ్డకూ ఇదే మాట. డిసెంబర్‌లో దొరికే పాత గడ్డ ఎక్కువగా ఉత్తరాదిన ఫిబ్రవరి, మార్చిలో తవ్వి శీతల గిడ్డంగిలో ఉంచినది. బయటికి తీసి వేడి తగలగానే మొలక తన్నుకొస్తుంది. కొత్త గడ్డ కూడా ఇప్పుడు వస్తుంది కానీ తొక్క బొటనవేలితో రుద్దితే ఊడిపోతుంది. తొక్క ఊడినంత కాలం అది కూరకే, నిలవకు కాదు. ఫిబ్రవరి దాటాక రుద్ది చూడండి. ఊడకపోతే అప్పుడు కొనండి.

జమ్మికుంట
డిసెంబర్ 8, ఉదయం 7:15

కందగడ్డకు ఇంత కష్టం దేనికండీ? మా ఇంట్లో గడ్డి పరిచి ఆరు నెలలు ఉంచుతాం. ఒక్కటీ చెడదు. కోసిన ముక్కకు బూడిద అద్ది పక్కన పెడితే చాలు.

హన్మకొండ పెరడు
డిసెంబర్ 8, ఉదయం 7:40

అన్నా, మీరు చెప్పేది ఏనుగు పాదమంత ఉండే కంద అనుకుంటాను. నేను అడుగుతున్నది తియ్యటి గడ్డ, చిలగడదుంప. దీన్నే మా అత్తగారి ఊళ్ళో కందగడ్డ అంటారు, మా పుట్టింట్లో మొరంగడ్డ.

జమ్మికుంట
డిసెంబర్ 8, ఉదయం 7:52

అవునమ్మా, పొరపడ్డాను. పెద్ద కందకు నా మాట నిజమే, అది తవ్వాక కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది, గాలి తగిలే నీడ ఉంటే చాలు. మీ గడ్డ సంగతి వేరు, దాని తొక్క కాగితమంత పలచన.

ఉద్యాన విద్యార్థి
డిసెంబర్ 8, మధ్యాహ్నం 1:30

అక్కా, మీ సంచిలో నూగులా వచ్చినది రైజోపస్ అనే బూజు. అది చెక్కుచెదరని తొక్కలోంచి సులువుగా దూరదు, తవ్వేటప్పుడు పార తగిలిన గాటులోంచి, కొస విరిగిన చోటు నుంచి దూరుతుంది. కాబట్టి నిలవ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని మా పాఠాల్లో 'క్యూరింగ్' అంటారు, మనం 'పదును పెట్టడం' అనుకుందాం. తవ్విన వెంటనే 29 నుంచి 32 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ ఉన్న చోట నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచితే గాట్ల మీద బెరడులాంటి కొత్త పొర కడుతుంది. మనకు దెబ్బ తగిలిన చోట పక్కు కట్టినట్టే. లోపలి పిండి కొంత చక్కెరగా మారడం కూడా అప్పుడే మొదలవుతుంది. అప్పుడే తవ్విన గడ్డ కంటే నెల ఆగిన గడ్డ తియ్యగా ఉండటానికి కారణం ఇదే.

ఈ నెలలో మన దగ్గర పగలు 28, 30 దాకా ఉంటుంది, రాత్రి 15 దగ్గరికి పడిపోతుంది. అందుకని ఏడు రోజులు కాదు, పది రోజులు లెక్క పెట్టుకోండి. పగలు వేడెక్కే గది, అంటే రేకుల గది గానీ డాబా మీది గది గానీ ఉంటే మంచిది. గడ్డలు ఒకదాని మీద ఒకటి పడకుండా గోనె పట్టా మీద పరిచి, తడిపి గట్టిగా పిండిన ఇంకో పట్టా పైన కప్పండి. పక్కన వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పెట్టండి. నీళ్ళు మాత్రం గడ్డ మీద పడకూడదు. రాత్రి దుప్పటి కప్పండి. పది రోజులయ్యాక బొటనవేలితో తొక్కను పక్కకు నెట్టి చూడండి. జరగకుండా గట్టిగా అతుక్కొని ఉంటే పని అయినట్టే.

నాన్నగారు ఇంకా తవ్వకపోతే, తీగ కోసేసి వారం ఆగి తవ్వమనండి. నీళ్ళు ఆపేయమనండి. తొక్క చేలోనే ముదురుతుంది.

కరీంనగర్ మిద్దెతోట
డిసెంబర్ 8, సాయంత్రం 6:10

నేను మొరంగడ్డలు ఫ్రిజ్‌లోనే పెడతాను. కుళ్ళవు కానీ ఉడికించాక మధ్యలో కర్రలాగా గట్టిగా ఉంటున్నాయి. విత్తనం మార్చాలేమో అనుకుంటున్నాను.

ఉద్యాన విద్యార్థి
డిసెంబర్ 8, సాయంత్రం 6:45

విత్తనంలో లోపం లేదు. అది వేడి దేశపు మొక్క, 12 డిగ్రీల కంటే చల్లబడితే లోపల దెబ్బ తింటుంది, ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలే ఉంటుంది. ఉడికినా మెత్తబడని ఆ గట్టి గుండె చలి దెబ్బే. దానికి 13 నుంచి 15 డిగ్రీలు సరిపోతాయి. మన ఇళ్ళలో అంత చల్లదనం రాదు, అందుకే ఏడాది కాకుండా రెండు మూడు నెలల మాట మాట్లాడుతున్నాం.

ఆలుగడ్డను ఫ్రిజ్‌లో పెడితే పాడవదు కానీ దానిలో పిండి చక్కెరగా మారుతుంది. ఆ గడ్డ వేపితే ముక్క లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది.

విన్నిపెగ్‌లో ఓరుగల్లువాడు
డిసెంబర్ 9, తెల్లవారుజామున 4:50

మీరు చూసిన నేలమాళిగ లాంటిది మా పక్కింటి పెద్దాయన దగ్గర ఉంది. అందులోకి దిగి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ కెనడాలో ఇప్పుడు బయట సున్నాకు 20 డిగ్రీలు కింద. ఇక్కడివారి భయం కుళ్ళు కంటే గడ్డకట్టడం. గడ్డకట్టిన క్యారెట్ కరిగితే నీరుకారిపోతుంది. అందుకని మంచు దిగలేనంత లోతుకు తవ్వుతారు, లోపల సున్నాకు కాస్త పైన, నాలుగు డిగ్రీల లోపు నిలిచేలా చూస్తారు. గాలి లోపలికి రావడానికి కింద ఒక గొట్టం, బయటికి పోవడానికి పైన ఒకటి. సెప్టెంబర్, అక్టోబర్‌లో తవ్విన క్యారెట్, బీట్‌రూట్ తడి ఇసుకలో పొరలు పొరలుగా పేర్చి, ఏప్రిల్ దాకా తింటారు. చేతిలోకి తీసుకుంటే నిన్న తవ్వినట్టు పటుక్కున విరుగుతాయి.

కానీ ఆ చల్లదనం ఇచ్చేది గుంత కాదు, పైన ఉన్న చలి. హన్మకొండలో గుంత తవ్వితే నేల లోపల 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. క్యారెట్‌కు అది చాలదు, మొరంగడ్డకు ఇంట్లో గదే మేలు.

నర్సంపేట మనవరాలు
డిసెంబర్ 9, ఉదయం 8:30

మా నాయనమ్మకు ఈ చర్చ అంతా చదివి వినిపించాను. గుంత అనగానే ఆమె మాట్లాడిన తీరు చూసి ఇది రాయకుండా ఉండలేకపోయాను. వారింట్లో జొన్న పాతర ఉండేదట. మనిషి లోతున్నర తవ్వి, గోడలకు మట్టి మెత్తి, గడ్డి పరిచి జొన్నలు పోసి పైన బండ పెట్టి మూసేవారు. తెరిచిన రోజు ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. మూత తీసి చాలాసేపు వదిలేసి, తాడుకు దీపం కట్టి దించేవారు. దీపం ఆరిపోతే ఆ పూట ఎవరూ దిగకూడదు. గింజలు ఊపిరి తీస్తాయి, లోపలి మంచి గాలిని అవే తినేస్తాయి, చెడుగాలి అడుగున నిలుస్తుంది. గడ్డలైతే గింజల కంటే ఎక్కువ ఊపిరి తీస్తాయి. పిల్లలున్న ఇంట్లో గుంత వద్దని మీకు చెప్పమంది.

చామగడ్డ, అల్లం సంగతి కూడా చెప్పింది. చామగడ్డకు కట్టెల పొయ్యి బూడిద పట్టించి వెడల్పాటి గంపలో పోసి అటక మీద పెట్టేవారు. అల్లం మాత్రం నీళ్ళకుండల కింద ఇసుకలోనే. కుండ నుంచి కారే చెమ్మతో ఆ ఇసుక ఎప్పుడూ చల్లగా ఉండేది. కావాల్సినప్పుడు వేళ్ళతో తవ్వి ఒక కణుపు విరుచుకొని మళ్ళీ కప్పేసేవారు. ఉల్లిగడ్డను ఉట్టి మీదే ఉంచేవారు, నేల మీద పెట్టనిచ్చేది కాదట ఆమె అత్త.

జగిత్యాల పసుపు
డిసెంబర్ 9, రాత్రి 8:15

ఆ నాయనమ్మ చెప్పిన ఊపిరి మాటే అసలు మాట. నేను పసుపు రైతును. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ళ విత్తనం కావాలి. జనవరి నుంచి మార్చి లోపల తవ్వుతాం, విత్తేది జూన్‌లో. మధ్యలో మే నెల. మాకు 44, 45 డిగ్రీల ఎండ పడుతుంది. ఆ ఎండలోంచి గడ్డను సజీవంగా దాటించలేకపోతే ఆ ఏడు పంట లేదు. అందుకే నాకు గడ్డ అంటే తిండి వస్తువు అనిపించదు, ప్రాణి అనిపిస్తుంది.

మేము చేసేది ఇది. విత్తనానికి ముందు ఏరుడు. గోళ (తల్లి దుంప) అయినా కొమ్ము (పిల్ల దుంప) అయినా మచ్చ ఉన్నది, గాటు పడ్డది, మెత్తగా తగిలింది పక్కకు పోవాలి. ఇందులో జాలి పనికిరాదు. చింతచెట్టు నీడలో గానీ పాకలో గానీ నేల కాస్త ఎత్తు చేసి, ఎండిన పసుపు ఆకు పరిచి, గడ్డలు కుప్ప పోసి, మళ్ళీ ఆకు కప్పి, పైన మట్టి, పేడ కలిపి అలుకుతాం. కొందరు గుంతలో రంపపు పొట్టు, ఇసుక వేసి ముష్టి చెట్టు ఆకులు కలుపుతారు, పురుగు రాదు. ఎలా పెట్టినా గాలి ఆడే దారి ఒకటి ఉంచాలి. నా మొదటి ఏడాది భద్రంగా ఉండాలని కుప్ప మొత్తం సందు లేకుండా అలికేశాను. ఇరవై రోజులకు చెయ్యి పెట్టి చూస్తే లోపల పేడకుప్పలో ఉన్నంత వేడి. గడ్డలు ఊపిరి తీసినప్పుడు వేడి పుడుతుంది, నీరు పుడుతుంది. రెండూ పోవడానికి దారి లేక నాలుగు క్వింటాళ్ళు ఉడికిపోయాయి. ఇప్పుడు కుప్పను ఛాతీ ఎత్తు దాటనివ్వను, నెలకోసారి విప్పి ఏరుతాను.

చెల్లెమ్మా, మీకు చెప్పేది ఒకటే. పదును పెట్టాక గడ్డలు రెండు వరుసల కంటే ఎత్తు పేర్చకండి. పది రోజులకోసారి చేత్తో తాకండి. కంటితో చూసి వదిలేయకండి, కుళ్ళు కంటికి కనిపించేలోపే చేతికి తెలుస్తుంది.

హన్మకొండ పెరడు
డిసెంబర్ 9, రాత్రి 9:40

గుంత ఆలోచన మానేశాను. వడ్డేపల్లి చెరువు మాకు దగ్గర, రెండు అడుగులు తవ్వితేనే చెమ్మ తగులుతుంది, పైగా పందికొక్కులు. మెట్ల కింద కాకుండా ఉత్తరం వైపు గదిలో నులక మంచం ఉంది. దాని మీద గడ్డలు పరిస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది కదా? కిటికీకి సన్నజాలి కొట్టిస్తాను. కోతులు మా వీధిలో తలుపు తీసి ఉంటే చాలు, వంటింటి దాకా వస్తాయి.

జగిత్యాల పసుపు
డిసెంబర్ 9, రాత్రి 9:55

నులక మంచం కంటే మంచి చోటు లేదు. వెలుతురు పడకుండా పైన పాత చీర కప్పండి.

మట్టెవాడ దుకాణం
డిసెంబర్ 10, ఉదయం 6:30

ఆ గదిలోనే ఒక మూల ఆలుగడ్డ, ఇంకో మూల ఉల్లిగడ్డ అని పెట్టకండి. ఆలుగడ్డ విడిచే చెమ్మ ఉల్లికి పడదు. ఆలుగడ్డకు చీకటి కావాలి, ఉల్లికి గాలి కావాలి. ఆలుగడ్డకు వెలుతురు తగిలి తొక్క పచ్చబడితే సోలనిన్ అనే విషం పెరిగిందని గుర్తు, ఉడికించినా అది పోదు. కొంచెం పచ్చగా ఉంటే ఆ భాగం లోతుగా కోసి తీసేయండి, ఎక్కువ ఉంటే గడ్డనే పారేయండి. దుకాణాల్లో దీపాల కింద రోజుల తరబడి మెరిసే గడ్డలను కొనకండి.

కరీంనగర్ మిద్దెతోట
డిసెంబర్ 10, మధ్యాహ్నం 12:20

క్యారెట్, బీట్‌రూట్ గురించి నా అనుభవం చెబుతాను. ఆకు ఉన్నంతసేపు అది గడ్డలోని నీటిని లాగేస్తుంది, అందుకే కోసిన రోజే ఆకు తుంచాలి. క్యారెట్‌కు మొదలంటా, బీట్‌రూట్‌కు రెండు వేళ్ళ కాడ ఉంచి. బీట్‌రూట్ తోక కోస్తే రంగంతా కారిపోతుంది. ఇసుకను గుప్పిట పట్టి పిండితే ముద్ద కట్టాలి, నీటిచుక్క రాకూడదు. ఆ ఇసుకలో ఒకదానికొకటి తగలకుండా పేరుస్తాను. డిసెంబర్, జనవరి రెండు నెలలు బాగానే ఉంటాయి. క్యారెట్ దగ్గర పండ్లు పెట్టవద్దు. పండే పండు నుంచి, ముఖ్యంగా ఆపిల్ నుంచి ఎథిలీన్ వాయువు వస్తుంది, అది తగిలి క్యారెట్ చేదెక్కుతుంది.

ఫిబ్రవరి దాటాక ఇసుకపెట్టె చాలదు. అప్పటికి ఇటుకల పెట్టె వాడతాను. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1980ల మొదట్లో చేసిన పద్ధతి అది. రెండు వరుసల ఇటుక గోడ, మధ్యలో మూడు అంగుళాల ఖాళీ, ఆ ఖాళీలో ఏటి ఇసుక. ఉదయం, సాయంత్రం ఇసుకను, గోడను తడపాలి. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. బయట 40 ఉన్న రోజు లోపల 28 చూశాను. కరెంటు అవసరం లేదు. నీడలో కట్టాలి, గాలి తగలాలి. వానాకాలంలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి అది పనిచేయదు. లోపల తేమ 90 శాతం ఉంటుంది, అందుకే ఉల్లిగడ్డ, మొరంగడ్డ అందులో పెట్టవద్దు.

హన్మకొండ పెరడు
డిసెంబర్ 26, రాత్రి 8:50

సంచులు వచ్చాయి. నాన్న తీగ కోసి వారం ఆగి తవ్వారు. మట్టి దులిపి, పార తగిలిన వాటిని వేరు చేస్తే 6 కిలోలు తేలాయి. అవి ముందే వండుకుంటున్నాం. మిగతావి డాబా మీది గదిలో పది రోజులు ఉంచి నిన్న కిందికి దించాను. తొక్క రుద్దితే జరగలేదు. చిన్న గాట్లున్న చోట లేత గోధుమరంగు పొర ఎండిపోయి గట్టిగా తగులుతోంది. ఒక సందేహం. నాలుగైదు గడ్డలకు సూదితో పొడిచినట్టు రంధ్రాలున్నాయి. ఒకటి ఉడికిస్తే భరించలేనంత చేదు.

ఉద్యాన విద్యార్థి
డిసెంబర్ 26, రాత్రి 9:30

అది ముక్కుపురుగు. పురుగు తొలిచినప్పుడు గడ్డ తనను తాను కాపాడుకోవడానికి చేదు రసాయనాలు తయారు చేసుకుంటుంది, ఆ భాగం కోసి తీసేసినా చేదు మిగులుతుంది. వెంటనే ఇంట్లోంచి తీసేయండి, లేకపోతే మంచంలో ఉన్న మిగతా గడ్డల్లోకి పాకుతుంది. ఒక్క జాగ్రత్త: వాటిని గానీ బూజు పట్టిన గడ్డలను గానీ గేదెలకు వేయకండి. ఆ రసాయనాల్లో కొన్ని పశువుల ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఉడికించినా వాటి విషం విరగదు. లోతుగా పాతిపెట్టండి. నాన్నగారికి కూడా చెప్పండి, వచ్చే పంటకు ఆ చెలకలో గడ్డ పెట్టకుండా వేరే పైరు వేస్తే పురుగు తగ్గుతుంది.

హన్మకొండ పెరడు
ఫిబ్రవరి 14, రాత్రి 7:30

రేపు శివరాత్రి. ఈ సాయంత్రమే చీర తీసి గడ్డలన్నీ గంపలోకి ఎత్తాను. మధ్యలో మేడారం జాతరకు వెళ్ళి నాలుగు రోజులు ఇల్లు తాళం వేశాం. తిరిగి వచ్చి చెయ్యి పెట్టేదాకా నా గుండె నా చేతిలో లేదు. రెండు గడ్డలు మెత్తగా తగిలాయి, తీసేశాను. మొత్తం మీద పారేసింది 3 కిలోల లోపే. పది ఇళ్ళకు రెండేసి కిలోలు పంచాను. వీధి చివరి పెద్దమ్మ గడ్డను చేతిలో తూచినట్టు పట్టుకొని, "మీ అమ్మ ఇచ్చినట్టే ఉంది" అంది. ఇందాక నాన్నకు ఫోను చేసి ఆ మాటే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, వచ్చే ఏడు మూడు సంచులు పంపుతానన్నారు.

నాలుగు కిలోలు మిగిలాయి. ఎండ ముదిరిందేమో, వాటికి ఎర్రటి మొలకలు వస్తున్నాయి. ఆలుగడ్డ మొలకలాగా ఇవి కూడా విషమా?

జగిత్యాల పసుపు
ఫిబ్రవరి 14, రాత్రి 8:20

కాదు చెల్లెమ్మా. దీని మొలక, ఆకు కూడా వండుకోవచ్చు. కానీ వీటిని తినేయకుండా నాటుకోండి. పెరట్లో వెడల్పాటి మడి కట్టి, పురుగు లేని గడ్డలను జానెడు దూరంలో పాతి పలచగా మట్టి కప్పండి, రోజు విడిచి రోజు నీళ్ళు పెట్టండి. నెలన్నరకు తీగ పాకుతుంది. దాన్ని జానెడు ముక్కలు కోసి ఇంకో మడిలో నాటితే జూన్ నాటికి కావాల్సినంత తీగ అవుతుంది. నాన్నగారు ఈసారి చెలక మార్చి వేస్తారు కదా, తీగ మీ ఇంటి నుంచే పంపండి.